పుట్టమన్ను నిద్ర

నాగుల చవితి మర్నాడు పొద్దున లాస్య నిద్ర లేవలేదు.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. ముందురోజు పిల్ల చేసిన హడావిడి అంతా ఇంతా కాదు. కొత్త పరికిణీ కట్టుకుని, నువ్వుల చిమ్మిలి ఉండలు నోటినిండా కుక్కుకుని, పుట్ట చుట్టూ మిగతా పిల్లలతో సాయంత్రందాకా పరుగులే పరుగులు. ఆరేళ్ల పిల్ల, బడికి సెలవు, పడుకోనీలే అనుకుంది నాయనమ్మ కోటేశ్వరమ్మ. ఎండ మంచం మీదికి వచ్చింది. ఉప్మా చల్లారిపోయింది. "ఏందమ్మాయ్, ఇది ఇంకా లేవలా?" అంటూ గదిలోకి వెళ్లి, దుప్పటి లాగి, పిల్ల పాదం పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉండిపోయింది. "బిందూ!" అని ఒక్క కేక పెట్టింది.

హిమబిందు నోట్లో పేస్టు నురగతోనే పరిగెత్తుకొచ్చింది. పాదం కుండలో నీళ్లలా చల్లగా ఉంది. పిలిచింది, కుదిపింది, చెంపల మీద తట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి లేదు. కాదు, ఉంది. చాలాసేపటికి ఒకటి. ఎదమీద చెవి ఆనించింది. ఒక దెబ్బ వినిపించింది. రెండోది ఎంతకీ రాదు. అయిపోయింది దేవుడా అని ఏడవబోయేలోగా వచ్చింది.

ఏ తల్లయినా ఆ క్షణంలో అంబులెన్సుకి ఫోన్ చేస్తుంది. హిమబిందు కూడా చేసింది. కానీ అంతకంటే ముందు పిల్ల కనురెప్పని వేలితో ఎత్తి చూసింది. నల్లగుడ్డు మీద సన్నని తెల్లటి పొర కప్పుకుని ఉంది. ఆ పొరని ఆమె ఇదివరకు చాలాసార్లు చూసింది. పిల్లల్లో కాదు, కప్పల్లో. ల్యాబులో, గాజుపెట్టెల్లో. చూసినప్పుడల్లా సంబరపడింది కూడా.

"అత్తయ్యా, నిన్న దీనికి పుట్టమన్ను పెట్టారా?"

"పెట్టకుండా ఎట్టా ఉంటానమ్మా? చవితినాడు చెవులకి పుట్టమన్ను పెట్టకపోతే చెవిపోటొచ్చుద్దని తెలవదా? రెండు చెవులకీ దట్టంగా రాశా. నువ్వూ అక్కడే ఉన్నావుగా!"

ఉంది. నవ్వుతూ ఫోన్‌లో ఫోటో కూడా తీసింది.

వీధి తలుపు దబదబా మోగింది. పక్కింటి స్వరూప జుట్టు విరబోసుకుని, చెప్పుల్లేకుండా వచ్చి నిలబడింది. "అక్కా, మా జశ్వంత్ లేవట్లేదక్కా. నువ్వొకసారి రా. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

హిమబిందు ఉద్యోగం కాస్త విచిత్రమైనది. పొలాలు, మడుగులు, తుప్పలు కొని చదును చేసి ఇళ్లు కట్టే కంపెనీలో ఆమె ఎకాలజిస్టు. ఇంకా చెప్పాలంటే బుల్డోజరు కన్నా ముందు ఆ నేల మీద అడుగుపెట్టే మనిషి. అక్కడ ఏ పిట్ట గూడు కట్టింది, ఏ నీటిగుంటలో ఏ చేప ఉంది, ఏ పొదలో ఏ పాము తిరుగుతోంది, అన్నీ చూసి రిపోర్టు రాయాలి. పెళ్లికి ముందు నుంచీ అదే పని. ఆమె ఎంత శ్రద్ధగా రాసినా ఆ వెనకే బుల్డోజరు వచ్చేది. పిట్టలైతే ఎగిరిపోతాయి. మట్టిలో దూరి పడుకున్న కప్పలు ఎక్కడికి పోతాయి? ఒక వేసవిలో, నాగలి కన్నా లోతుగా దిగిన ఇనుప పళ్లకి చిక్కుకుని అవి పైకి రావడం కళ్లారా చూసింది. ఆ రోజు అన్నం ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

తర్వాత కొత్త చట్టం వచ్చింది. నేలలో ఒక్క జీవికీ హాని జరగదని రుజువు చేస్తేనే ఇళ్లు కట్టనిస్తారట. కంపెనీలన్నీ తల పట్టుకున్నాయి. హిమబిందుకి మాత్రం ఆ కప్పలే గుర్తొచ్చాయి. ఎండాకాలమంతా అవి తిండీ నీళ్లూ లేకుండా భూమి లోపల పడుకుంటాయి. తొలకరి పడగానే లేస్తాయి. ఆ నిద్రని వాటి ఒంట్లోంచి తీసి నేలకే పట్టిస్తే? నాలుగేళ్లు ల్యాబులోనే కాపురం పెట్టి ఆ మందు తయారుచేసింది. 'శయని' అని పేరు పెట్టింది. దాన్ని నేలలోకి ఎక్కిస్తే కప్పలు, నత్తలు, వానపాములు, చివరికి గింజలు కూడా నిద్రలోకి జారుకుంటాయి. పైన నిశ్చింతగా ఇళ్లు కట్టుకోవచ్చు. ఎప్పటికో ఆ ఇళ్లు పాతబడి కూల్చేసిన నాడు, వట్టి నేల మీద వాన పడితే అన్నీ లేచి కూర్చుంటాయి. ఏదీ చావదు! కంపెనీ యజమాని వీరాంజనేయులు ఆమె కాళ్లకి దండం పెట్టలేదన్న మాటే గానీ అంతపనీ చేశాడు. గుంటూరు పక్కన పెదమడుగులో మొదటి టౌన్‌షిప్పు లేచింది. అందులోనే ఆమెకి ఒక ఇల్లిచ్చారు.

చదును చేసేటప్పుడు మధ్యలో ఒక పెద్ద పుట్ట అడ్డం వచ్చింది. పడగొడతామన్నారు. హిమబిందు ఒప్పుకోలేదు. "చెదపురుగులూ జీవాలే. పైగా చవితి వస్తే ఊళ్లో ఆడవాళ్లు పాలెక్కడ పోసుకుంటారు?" అని పోట్లాడింది. ఆ పోట్లాటలో గెలిచింది కూడా. పుట్ట చుట్టూ రైలింగు కట్టి, టైల్సు వేసి, పూలమొక్కలు పెట్టారు.

ఎంత మంచి పని చేసిందో చూడండి! చెదలు ఏ ఎండాకాలమూ నిద్రపోవు, అందుకే వాటికి శయని పట్టలేదు. పుట్ట కట్టడానికి అవి ఎక్కడో అడుగున ఉన్న చెమ్మమట్టిని రేణువు రేణువుగా పైకి మోస్తాయి. లోపల నీళ్లలా పలచగా ఉన్న మందు ఆ మోతలో చిక్కబడి పుట్టగోడల్లో పేరుకుపోయింది. దాని మీద పాలు పోశారు. తడిసిన మట్టి తీసి పిల్లల చెవులకి రాశారు. మిగతా పిల్లలకి ఏమీ కాలేదు. లాస్యకీ జశ్వంత్‌కీ మాత్రం ఆ వారమే ఒకే కంసాలి దగ్గర చెవులు కుట్టించారు. పచ్చి పుండు ఇంకా మానలేదు. మందు నేరుగా నెత్తురులో కలిసింది.

ఆస్పత్రిలో డాక్టర్లు చెయ్యని పరీక్ష లేదు. అన్నీ బాగానే ఉన్నాయంటారు, పిల్లలు మాత్రం కళ్లు తెరవరు. లాస్య తండ్రి ఓడలో ఇంజనీరు. సముద్రం మధ్యలో ఎక్కడున్నాడో ఫోనే కలవదు. హిమబిందు దాచకుండా జరిగిందంతా డాక్టర్లకీ, స్వరూపకీ, స్వరూప భర్త సాంబశివరావుకీ చెప్పింది. సాంబశివరావు ఎరువుల కొట్టు నడుపుతాడు, మంచి మనిషి. ఆ రోజు మాత్రం అతని కళ్లలోకి చూడాలంటే ఆమెకి భయమేసింది.

"నిద్రపుచ్చడం తెలిసినోళ్లకి లేపడం తెలవదా మేడంగారూ?"

"తొలకరి వాసన తగిలితే లేస్తారండీ. ఎండిన నేల మీద చినుకు పడితే వస్తుంది చూడండి, ఆ వాసన."

"దానికోసం జూన్‌దాకా కూర్చోమంటారా?"

"ఉత్తరాదిలో ఆ వాసనని అత్తరుగా తీసి సీసాల్లో అమ్ముతారు. ల్యాబులో మేం కప్పల్ని దాంతోనే లేపేవాళ్లం."

"మరింకేం, తెప్పించండి! ఇంకా ఆలోచనేంది?"

హిమబిందు తల అడ్డంగా ఊపింది. "లేచాయండీ. గెంతాయి, పురుగుల్ని తిన్నాయి. మూడో రోజుకి అన్నీ చచ్చిపోయాయి. జూన్‌లో, బయట పొలంలో, అసలు వానకి లేచినవి మాత్రం బతికాయి. అవి నెలల తరబడి పడుకుని లేచినవి. ల్యాబువి నిద్ర నిండకుండా లేచాయి. అదే వాటి ప్రాణం తీసింది. ఇప్పుడు వీళ్లని లేపకూడదు. తొందరపడితే పిల్లలు దక్కరు."

స్వరూప చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

అలా కొన్ని రోజులు గడిచాయి. అప్పుడు బంగాళాఖాతంలో తుఫాను లేచిందని వార్త వచ్చింది. బాపట్ల దగ్గర తీరం దాటుతుందట. కోస్తా మొత్తం వానలేనట. ఆస్పత్రి వరండాలో టీవీ ముందు నిలబడి ఆ మాట విన్న హిమబిందు తల తిప్పి బయటి నేలవైపు చూసింది. దసరా నుంచీ చినుకు లేదు. నేల నెర్రెలిచ్చి ఉంది. దాని మీద తుఫాను వాన పడిందంటే ఆ వాసన ఊరూరా గుప్పుమంటుంది. కిటికీలు మూస్తే ఆగుతుందా? ఆస్పత్రి తలుపులు వందసార్లు తెరుస్తారు, వందసార్లు మూస్తారు. చిన్నప్పటి నుంచీ ఆ వాసన కోసం వాకిట్లోకి పరిగెత్తిన మనిషి, ఇప్పుడు దాన్ని తలుచుకుని చెమటలు కక్కింది.

"అత్తయ్యా, పూర్ణయ్య మావయ్యగారి కోల్డ్ స్టోరేజిలో చోటుందా?"

పూర్ణయ్య కోటేశ్వరమ్మకి తమ్ముడు. గుంటూరు బయట ఆయనకి మిర్చి కోల్డ్ స్టోరేజి ఉంది. మందపాటి గోడలు, రబ్బరు అంచులున్న తలుపులు. లోపల వరసలుగా పేర్చిన టిక్కీలు, అంటే ఎండుమిరపకాయల బస్తాలు. ఆ ఘాటు తప్ప ఇంకో వాసన బతకదు. డాక్టర్లు వద్దన్నా వినకుండా పిల్లని దుప్పట్లలో చుట్టి తీసుకెళ్లింది. సాంబశివరావుని కూడా రమ్మని బతిమాలింది.

"నా కొడుకుని మిరపకాయ టిక్కీల మధ్య పడుకోబెట్టాలా? మీ మాటినే ఇంతదాకా తెచ్చుకున్నాం. ఇక చాల్లేండి మేడం," అని మొహం తిప్పుకున్నాడు.

తుఫాను వచ్చిన రోజు మధ్యాహ్నానికే ఆకాశం నల్లగా దిగిపోయింది. కోల్డ్ స్టోరేజిలో రెండు వరసల టిక్కీల మధ్య నులకమంచం వేసి లాస్యని పడుకోబెట్టారు. అత్తాకోడళ్లిద్దరూ స్వెట్టర్లు తొడుక్కుని, ముక్కులకి గుడ్డలు కట్టుకుని, తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ చెరోపక్క కూర్చున్నారు. గోడల అవతల గాలి ఊళ వేస్తోంది. చెవుల్లో ఏదో దిగ్గొట్టినట్టుగా ఉంది. తుఫాను దగ్గరయ్యేకొద్దీ గాలి బరువు తగ్గుతోందని హిమబిందుకి అర్థమైంది.

అప్పుడు లాస్య వేలు కదిలింది.

"కదిలింది! బిందూ, చూడమ్మా, నా తల్లి వేలు కదిపింది!" కోటేశ్వరమ్మ గబుక్కున లేచి నిలబడింది.

నిజమే. మొదట చిటికెన వేలు. తర్వాత అరచెయ్యి ముడుచుకుంది. కనురెప్పలు అదిరాయి. బుగ్గల్లోకి రంగు వస్తోంది. ఎక్కడి నుంచో వాసన లోపలికి వస్తోంది, లేకపోతే ఎందుకు కదులుతుంది? హిమబిందు లేచి పరిగెత్తి, తలుపు అంచులన్నీ తడిమి చూసింది. ఖాళీ గోనెసంచులు తెచ్చి కింద సందులో కూరింది. చాలలేదు. తన శాలువా కూడా తీసి కూరింది.

ఫోన్ మోగింది. స్వరూప. ఏడుస్తోందా నవ్వుతోందా అర్థం కాలేదు. "లేచాడక్కా! మావాడు లేచాడు! వాన మొదలైంది, కిటికీ తీశాం, అంతే, కళ్లు తెరిచి అమ్మా అన్నాడు. ఇడ్లీ కావాలంట అక్కా. ఇదుగో, మాట్లాడు!" వెనక నుంచి పిల్లవాడి గొంతు, కారప్పొడి వద్దంటూ గారాలు పోతోంది.

కోటేశ్వరమ్మ విన్నది. ఇక ఆమెని పట్టడం ఎవరి తరం? "తలుపు తియ్. తియ్ అమ్మాయ్! వాళ్ల బిడ్డ లేచి కూర్చుంటే మన బిడ్డని ఇట్టా చలిలో చంపుకుంటావా?"

"కప్పలు కూడా ఇలాగే లేచాయి అత్తయ్యా. ఇలాగే తిన్నాయి, గెంతాయి. మూడో రోజుకి..."

"నీ కాళ్లు పట్టుకుంటానే!" అని ఆవిడ నిజంగానే వంగింది. పెద్దావిడ తన కాళ్ల మీద పడబోతుంటే హిమబిందు రెండు చేతులతోనూ ఆపి, వీపు తలుపుకి ఆనించి, అక్కడే కూలబడింది. "మూడు రోజులు ఆగండి. జశ్వంత్ మూడు రోజులు దాటితే నేనే తీస్తాను. నా కూతురు కాదా అత్తయ్యా? నాకు మాత్రం ఆశ లేదా?"

మంచం మీద లాస్య పెదవులు కదిలాయి. "మ్..." అన్నంత మాత్రం వినిపించింది. అమ్మా అనబోయిందో, మరేమిటో. హిమబిందు రెండు చేతులతోనూ చెవులు మూసుకుంది. తలుపు మాత్రం తియ్యలేదు.

రేకుల కప్పు మీద వాన దబదబలాడి, దబదబలాడి, సాయంత్రానికి నెమ్మదించింది. లాస్య చెయ్యి మళ్లీ చల్లబడింది. వేళ్లు విచ్చుకుని ఉన్నవి ఉన్నట్టే ఆగిపోయాయి. గండం గడిచింది, బిడ్డని కాపాడుకున్నాను అనుకుంది హిమబిందు. కోటేశ్వరమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాతి రోజులు గడిచిన తీరు పగవాళ్లకి కూడా వద్దు. ఫోన్ మోగితే భయం, మోగకపోతే భయం. స్వరూప పొద్దునా సాయంత్రం ఫోన్ చేస్తూనే ఉంది. బాగానే ఉన్నాడట, ఆడుకుంటున్నాడట. విన్న ప్రతిసారీ హిమబిందు మాట తుంచి ఫోన్ పెట్టేసేది. ఎందుకో మూడో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి తెలిసింది. ఆ పిల్లవాడికి ఏదైనా అయితే బాగుండునని ఒక మూల తను ఎదురుచూస్తోంది. వాడు బతికితే తను తలుపు మూసింది ఎందుకు? ఛీ, ఏం మనిషిని నేను, అని నెత్తి కొట్టుకుంది. ఎంత కొట్టుకున్నా ఆ ఎదురుచూపు పోలేదు.

మర్నాడు, గడువు దాటినా వాడు బాగానే ఉన్నాడని విని, ఉండబట్టలేక కళ్లారా చూడ్డానికి టౌన్‌షిప్పుకి వెళ్లింది. తుఫాను గట్లు తెంచింది. కొత్తగా వేసిన రోడ్డు ఒక పక్కంతా కుంగిపోయి, కింది మట్టి బయటపడింది. ఆ గండి నిండా నీళ్లు, నీళ్ల నిండా కప్పలు. తను నిద్రపుచ్చిన కప్పలే. కొన్ని నెలల కిందట మందు ఎక్కించినవి కావు. చవితికి ముందు వారమే, ఆఖరి విడతగా ఆ పక్క ఎక్కించినవి. నిద్ర నిండనే లేదు. నాలుగో రోజు కూడా బెకబెకమంటూ, జంటలు కట్టి, నీళ్ల మీద గుడ్లు పెడుతున్నాయి. ఒక్క చచ్చిన కప్ప కూడా తేలలేదు.

హిమబిందు బురదలోనే గొంతుక్కూర్చుంది. చూస్తూ చూస్తూ ఉంటే ఒక్కొక్కటే తెలిసొచ్చింది. వాన ముందుగా వాసనని పంపదు. ముందు గాలి తేలికవుతుంది. పూటకు పైగా, నెమ్మదిగా. ఆ తేలికకి నెత్తురు కదులుతుంది, ఊపిరితిత్తులు తెరుచుకుంటాయి, గుండె వేగం అందుకుంటుంది. అంతా సిద్ధమయ్యాక ఆఖరున వాసన వచ్చి లెమ్మంటుంది. ల్యాబులో ఏసీ గదిలో కూర్చుని తను చేసిందేమిటి? మూత తీసి ఒక్క వాసనని మాత్రం చూపించింది. సిద్ధం కాని ఒంటిని గుండె ఒక్కటీ లేచి ఈడ్చింది. కప్పలు చచ్చింది అందుకు. తొందరగా లేచినందుకు కాదు.

అంటే లాస్య వేళ్లు కదిలింది వాసనకి కాదు. ఏ సందులోంచీ వాసన రాలేదు. గాలి తేలికై, పిల్ల లేవడానికి సిద్ధమై, గుమ్మందాకా వచ్చి నిలబడింది. సందుల్లో గోనెలు కూరింది తల్లి.

"ఆంటీ!" గండి అవతల నుంచి జశ్వంత్ చెయ్యి ఊపాడు. ఒక చేతిలో పడవ చెయ్యడానికి చింపిన పేపరు. "లాస్య ఏదీ? ఇంకా పడుకునే ఉందా?"

హిమబిందు కారు ఎలా నడిపిందో ఆమెకే తెలియదు. పూర్ణయ్య సాయంతో మంచాన్ని అలాగే ఆరుబయటికి మోయించింది. బయట ఎండ కాస్తోంది. చుట్టూ నేల నాని నాని, బురద కంపు కొడుతోంది. ఎండిన నేల మీద మొదటి చినుకు లేపే వాసన ఎక్కడా లేదు. అది వచ్చి, ఊరంతా తిరిగి, వెళ్లిపోయింది. లాస్య ముఖం మీద ఎండ పడింది. రెప్ప కూడా అదరలేదు. అత్తరు సీసా ల్యాబులో ఉంది, దాని జోలికి పోతే పిల్ల మూడు రోజులే.

కోటేశ్వరమ్మ సంగతంతా విన్నది. తిడుతుందనుకుంది హిమబిందు. జుట్టు పట్టుకుని కొట్టినా బాగుండుననుకుంది. ఆవిడ మంచం పట్టె మీద కూర్చుని, మనవరాలి బుగ్గకి అంటిన కారం తన కొంగుతో తుడిచింది.

"మళ్లీ ఎప్పుడొచ్చుద్దమ్మా?"

"ల్యాబు గాలితో, అత్తరుతో మళ్లీ దీని మీద ప్రయోగం చెయ్యను అత్తయ్యా. ముందు నేల బాగా ఎండాలి. ఎండిన తర్వాత మళ్లీ అలాంటి గాలివాన రావాలి. ఎండాకాలంలో రావచ్చు. జూన్‌లో రావచ్చు."

"రాకపోతే?"

హిమబిందు దుప్పటి లాగి పిల్ల పాదాలు కప్పింది. కోటేశ్వరమ్మ పిల్ల చేతిని తన చేతుల్లో రుద్దుతూ కూర్చుంది.

"అందాకా ఇది ఉంటదా, బిందూ?"

"కప్పలైతే రెండు మూడేళ్లు కూడా అత్తయ్యా..."

"కప్పల సంగతి కాదమ్మాయ్ నేనడిగేది."